చల్లనీళ్ళ నింద

పిల్ల దగ్గింది.

ఒక్క దగ్గే. అదీ ఆడుకుంటూ ఆడుకుంటూ దగ్గి, మళ్ళీ బొమ్మల్లో పడిపోయింది. అయినా ఆ ఒక్క దగ్గుకే ఇంట్లో ఎవరి పని వాళ్ళకి తెలిసిపోయింది. అత్తగారు హాల్లోంచి “కిటికీలు!” అని కేకేశారు. భర్త ఫోన్లోంచి తల ఎత్తకుండా “మళ్ళీ మొదలైందా?” అన్నాడు. ఆమె సగం తోమిన గిన్నె సింకులో వదిలేసి, తడిచేతులు తుడుచుకుని, బీరువా అడుగునుంచి పాత దుప్పటి ముక్కల మూట తీసింది. కేక వెయ్యడం ఒకరి పని, నిట్టూర్చడం ఒకరి పని, గుడ్డలు కుక్కడం ఆమె పని. ఈ పంపకాలు ఎప్పుడు జరిగాయో, ఆ పంపకాల రోజున తాను ఎక్కడుందో ఆమెకి గుర్తులేదు.

పిల్లకి మూడేళ్ళు. సన్నటి గొంతు, సన్నటి కాళ్ళు, ఒక్కచోట కుదురుండదు. అందుకే అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక గదికి రెండు కిటికీలు. ఇంట్లో అన్ని కిటికీలూ మూసేశాక కూడా వీటి సందుల్లోంచి గాలి వస్తుందని అత్తగారి అనుమానం. అందుకని ఆ సందుల్లో గుడ్డముక్కలు కుక్కాలి, కత్తి మొనతో లోపలికి తోయాలి, తలుపు కింద తువ్వాలు చుట్టి పెట్టాలి. కప్పుకి దగ్గరగా, పైపులు దిగే ఇరుకు సందులోకి ఒక ఇనుప జాలీ వెంటిలేటర్ కూడా ఉంది. దానికి రెక్క లేదు, చెయ్యి అందదు, ఎవరూ దాన్ని కిటికీగా లెక్కలోకి తీసుకోలేదు. మిగతావన్నీ బిగించేశాక అత్తగారు వచ్చి, ప్రతి సందు దగ్గరా అరచెయ్యి పెట్టి చూసి, “ఊఁ, ఇప్పుడు ఫరవాలేదు” అంటారు. ఆ తర్వాత విచారణ మొదలవుతుంది.

“నిన్న తలకి పోశావా?”

“లేదత్తయ్యా.”

“పోనీ తడికాళ్ళతో తిరిగిందా?”

“లేదు.”

“మరి ఊరికే ఎందుకు దగ్గుతుందమ్మాయ్? నువ్వేదో చేసే ఉంటావు. గుర్తు తెచ్చుకో.”

ఆమె గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేది. అదే విచిత్రం. తాను చెయ్యని తప్పుని తానే వెతికిపెట్టేది. బస్సు దిగాక చున్నీ పిల్ల చెవులకి చుట్టలేదేమో. ఐస్‌క్రీం బండి దగ్గర పిల్ల ఏడిస్తే ఒక్క చెంచా పెట్టిందేమో. క్రెష్‌కి తీసుకెళ్ళడమే తప్పేమో. ఉద్యోగానికి వెళ్ళడమే తప్పేమో. ఆ మాటకొస్తే కనడమే తప్పేమో. పిచ్చుక పుట్టిన కొత్తలో ముక్కు మూసుకుపోతే అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, “నువ్వు చల్లనీళ్ళు తాగావా?” అని. తల్లి తాగిన చల్లనీళ్ళు పాలల్లోకి దిగి పిల్ల గుండెల్లో చేరతాయట. అందుకే ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉంది కానీ ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసా ఉండదు. పెట్టనివ్వరు. ఎండలు మండిపోతున్నా అంతే. ఒకసారి చుట్టాలావిడ ఎవరో తన సీసా లోపల పెడితే అత్తగారు పాముని చూసినట్టు చూసి, తీసి సింకులో వంపేశారు. పిల్ల తల్లిపాలు మానేసి చాలా కాలమైనా ఆ నియమం మాత్రం మానలేదు.

రోగాలు వచ్చినన్నిసార్లూ వచ్చాయి. జలుబు, ఆ వెనకే దగ్గు, దగ్గు గుండెల్లోకి దిగి డొక్కలు ఎగరేయడం, ఆస్పత్రి, మందు ఆవిరి పట్టే మాస్కు. మాస్కు పెట్టుకోనని పిచ్చుక గింజుకుంటుంటే, ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని, “అయిపోయిందమ్మా, అయిపోయింది” అని అబద్ధం చెప్పే పని కూడా ఆమెదే. తగ్గిందనుకుని ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ మొదలు. ఈ ఏడాదికి ఉన్న సెలవులన్నీ పిల్ల దగ్గుకే అయిపోయాయి. భర్తకీ సెలవులుండేవి. అవి ఎవరికీ గుర్తొచ్చేవి కావు, ఆయనతో సహా.

చిన్నపిల్లల డాక్టరమ్మ నిదానస్తురాలు. పోయినసారి పిచ్చుక వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విని, “ఈ వయసు పిల్లలకి జలుబులు వస్తాయండీ, క్రెష్‌కి వెళ్ళేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువే. దానికి కంగారుపడక్కర్లేదు. కానీ వచ్చిన ప్రతి జలుబూ గుండెల్లోకే ఎందుకు దిగుతోందో చూడాలి,” అంది. ఏటా వేయించాల్సిన టీకా రాసింది. జలుబున్నవాళ్ళు పిల్లని ముద్దు పెట్టుకోవద్దంది. బయటినుంచి వచ్చినవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ముట్టుకోవాలంది. కిటికీలు తెరిచి ఉంచమంది. చివర్లో కళ్ళజోడు పైకి తోసుకుని అడిగింది: “ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తారా?”

“పాప పుట్టాక మానేశానండీ,” అన్నాడు భర్త, బహుమతి అందుకునేవాడిలా.

“మంచిపని చేశారు,” అంది డాక్టరమ్మ.

పక్కనే కూర్చున్న ఆమెకి ఆయన చొక్కా జేబులో పిప్పర్‌మెంటు బిళ్ళల డబ్బీ కనిపిస్తూనే ఉంది. ఆఫీసు బయట ఎప్పుడో ఒకటి కాలుస్తాడని ఆమెకి తెలుసు, చొక్కాలు ఉతికేది ఆమే కాబట్టి. అయినా ఇంట్లో కాదుగదా అని సరిపెట్టుకుంది. డాక్టర్ ముందు మొగుడి పరువు తియ్యడం ఎందుకని నోరు మెదపలేదు. తన పరువు గురించి ఆ గదిలో ఎవరికీ అంత పట్టింపు లేదని తర్వాత అనిపించింది. ఎందుకంటే బయటికి రాగానే అత్తగారు, “కిటికీలు తెరవాలట! ఆవిడ పిల్లల్ని పెంచిందా, పుస్తకాలు చదివిందా?” అన్నారు. భర్త, “అమ్మ చెప్పినట్టు చెయ్యి. గొడవెందుకు,” అన్నాడు.

పిల్ల గదిలో అప్పుడప్పుడూ లీలగా సిగరెట్ వాసన వచ్చేది. “ఇదంతా కింద ఫ్లాట్ ముసలాయన నిర్వాకం,” అని అత్తగారు రోజూ ఆయన్ని తిట్టుకునేవారు. భర్త ఒకరోజు ఆవేశంగా చెప్పులేసుకుని కిందకి వెళ్ళి, కాసేపటికి వచ్చి, “గట్టిగానే చెప్పొచ్చాను,” అన్నాడు. ఆ రోజు ఆయన మీద ఆమెకి ప్రేమ కూడా పుట్టింది. పిల్లకోసం ఒకరితో తగువు పెట్టుకున్నాడు కదా అని.

ఆమె ఉద్యోగం గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. “ఏదో మందుల కంపెనీలో” అనేది ఇంటివాళ్ళు చెప్పుకునే మాట. కంపెనీలో కంటి చుక్కల మందు సీసాల్లో నింపుతారు. నింపే గదిలోకి నలుసంత దుమ్ము కూడా రాకూడదు. ఆ గదిలో గాలి ఎటునుంచి ఎటు పోతోందో చూడడం ఆమె పని. గాలి కంటికి కనపడదు కాబట్టి, నీటి ఆవిరిని తెల్లటి పొగలా వదిలే చిన్న మిషను ఒకటి చేత్తో పట్టుకుని, తలుపుల దగ్గర, బల్లల దగ్గర, మూలల్లో నిలబడి, ఆ పొగ ఎటు వాలుతుందో చూస్తుంది. అందుకని అక్కడ ఆమెని పొగమ్మ అంటారు. మొదట్లో ఉడుక్కునేది, ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది. జలుబు చేసినవాళ్ళని ఆ గదిలోకి రానివ్వరు. వాళ్ళనెవరూ ఏమీ అనరు కూడా. వేరే పని ఇస్తారు, అంతే. “జలుబు నేరం కాదు, లోపలికి తేవడం నేరం,” అంటుంది అక్కడి పెద్దమేడమ్.

ఒకసారి మందులో ఏదో తేడా వచ్చి సరుకంతా పారబొయ్యాల్సి వచ్చింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఎవరి మెడకి చుట్టుకుంటుందోనని వణుకుతుంటే పెద్దమేడమ్ అంది: “ఎవరు చేశారన్నది రేపు చూద్దాం. ఎటునుంచి వచ్చిందన్నది ఇవాళ చూడండి.” ఆ మాట విన్నప్పుడు ఆమెకి ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోకంలో తప్పుని అలా కూడా వెతకొచ్చని అంతవరకూ ఆమెకి తెలియదు.

ఆ పెద్దమేడమ్ వచ్చే నెల ఉద్యోగం విరమిస్తోంది. తన కుర్చీలో కూర్చోమని ఆమెనే అడిగింది. “సోమవారం చెప్పు. ఇంట్లో అడిగి కాదు, నువ్వు ఆలోచించుకుని చెప్పు,” అంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆమె శుక్రవారం రాత్రి భోజనాల దాకా ఆగింది. ఈలోపే పిచ్చుక దగ్గింది.

“ఇలా ఎన్నాళ్ళంటావ్?” అన్నాడు భర్త, కంచంలోకి చూస్తూ. “అంటే నేననేది... పిల్ల ఆరోగ్యం కంటే ఏదీ ముఖ్యం కాదు కదా. నువ్వే ఆలోచించు. నేనేం బలవంతపెట్టను.”

చల్లకొచ్చి ముంత దాచడం అత్తగారికి చేతకాదు. “మానెయ్యమ్మాయ్,” అన్నారు సూటిగా. “ఆ క్రెష్ వద్దు, ఆ ఉద్యోగం వద్దు. పిల్లని కనిపెట్టుకుని ఇంట్లో ఉండు. ఎవరో ఒకరు ఏదో ఒకటి మానుకోకపోతే ఈ దగ్గు తగ్గదు.”

“సోమవారం చెప్పేసి వచ్చెయ్యి,” అన్నాడు భర్త. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాడు. రాబోయే ఆపదల గురించి ఊరందరికీ మెత్తగా చెప్పి సంతకాలు పెట్టించుకోవడం ఆయనకి అలవాటు. అదే గొంతు ఇంట్లోనూ వాడతాడు.

ఆమె తల ఊపింది. కుర్చీ సంగతి చెప్పలేదు. మానేసే ఉద్యోగంలో వచ్చిన గొప్ప గురించి చెప్పుకోవడం, పుండు మీద తానే కారం చల్లుకోవడమని అనిపించింది. కంచాలు తీసి, కడిగి, పిల్ల పక్కన పడుకుంది. గుడ్డలు కుక్కిన గదిలో ఉక్కగా, బరువుగా ఉంది. పిల్ల ఊపిరి సన్నగా ఈల వేస్తోంది.

మర్నాడు పొద్దున చెత్తబుట్ట పట్టుకుని మెట్లు దిగుతుంటే కింద ఫ్లాట్ పెద్దాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కనిపించాడు. మనసులో ఉక్రోషం అలాగే ఉందేమో, ఆమె ఆగింది.

“బాబాయ్‌గారూ, ఏమీ అనుకోకండి. మీరు సిగరెట్ కాలిస్తే వాసన మా పాప గదిలోకి వస్తోంది. దానికి అసలే దగ్గు. మావారు కూడా చెప్పారటగా.”

పెద్దాయన ఆమె వంక తెల్లబోయి చూశాడు. “నేనా? గుండె ఆపరేషన్ అయ్యాక అగ్గిపుల్ల కూడా ముట్టలేదమ్మా. మీ ఆయనా? ఆ రోజు వచ్చాడు, నిజమే. కాసేపు కూర్చుని, పాలసీ ఒకటి ఉంది కట్టమని చెప్పి వెళ్ళాడు.”

ఆమెకి నవ్వొచ్చింది. మెట్లెక్కుతున్నంతసేపూ ఒకటే మాట తిరిగింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. కింద నిప్పు లేదు. పైన ఖాళీ డాబా. మరి పొగ?

మధ్యాహ్నం పిచ్చుకకి జ్వరం లేదు కానీ దగ్గు పెరిగింది. మందు వేస్తే నిద్రపోయింది. ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ఉండకట్టిన పిల్ల దిండు విప్పి దూదిని ఏకుతోంది. అది ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పని. హాల్లో అత్తగారు కునికిపాట్లు పడుతున్నారు. భర్త ఫోన్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాడు. సెలవురోజు భోజనం కాగానే వెళ్ళడం, చాలాసేపటికి గానీ రాకపోవడం మామూలే. ఫోన్ చూసుకుంటాడని ఆమె అనుకునేది. గోడకి అటువైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ గర్రుమని మొదలైంది.

ఆమె చేతిలోంచి దూదిపింజ ఒకటి లేచింది. లేచి, పైకి పోలేదు, కిటికీ వైపు పోలేదు. మూసిన గదిలో, పంకా కూడా వెయ్యని గదిలో, నెమ్మదిగా గుమ్మం వైపు కొట్టుకుపోయి తలుపు కింద తువ్వాలు దగ్గర ఆగింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. పని చేసేచోట అయితే ఆ పాటికి లేచి నిలబడేది. ఇంట్లో కాబట్టి బుర్ర వెలగడానికి కాస్త టైము పట్టింది. గాలి గుమ్మం వైపు పోతోందంటే ఎక్కణ్ణుంచో లోపలికి వస్తోందన్నమాట. ఎక్కణ్ణుంచి?

చీపురుకట్టలోంచి పొడుగాటి పుల్ల లాగింది. దాని చివర దారం, దారం చివర చిన్న దూదిపింజ కట్టింది. స్టూలెక్కి, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ జాలీ ముందు పట్టుకుంది. దూది గదిలోకి వాలింది, చెయ్యి పెట్టి తోసినట్టు. ఆ తర్వాత వాసన వచ్చింది. లీలగా కాదు, నిండుగా, కమ్మేసేట్టు. వాసన వెనకే పక్క మీద పిచ్చుక దగ్గింది.

ఇంత చిన్న విషయం. బాత్రూం ఫ్యాన్ పొగని పైపుల సందులోకి తోస్తుంది. ఇంట్లోంచి గాలిని అలా బయటికి లాగేస్తుంటే ఆ ఖాళీలోకి ఎక్కణ్ణుంచో గాలి రావాలి. ఇంట్లో కిటికీలన్నీ బిగించేశారు. మిగిలింది ఈ జాలీ ఒక్కటే. అదీ అదే సందులోకి ఉంది. ఆయన జాగ్రత్తపరుడిలా తలుపేసుకుని, ఫ్యాన్ వేసి, పొగంతా బయటికి పోతోందని కాల్చినంతసేపూ, అదంతా తిరిగి తిన్నగా పిల్ల మంచం మీదికి దిగుతోంది. పిల్ల దగ్గినకొద్దీ కిటికీలు మూస్తారు. కిటికీలు మూసినకొద్దీ పొగ వస్తుంది. పొగ వచ్చినకొద్దీ పిల్ల దగ్గుతుంది. ఆ గుడ్డలు కుక్కిన చేతులు మాత్రం తనవి.

ఆమెకి ఒళ్ళంతా కోపం వచ్చింది. ముందు ఆయన మీద కాదు, తన మీద. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందన్నట్టు, కంపెనీ గదుల్లో మూలమూలా పొగ పట్టి చూసే తాను సొంత పిల్ల గదిలో ఒక్కసారి కూడా గాలి ఎటునుంచి వస్తోందో ఎందుకు చూడలేదు? స్టూలు మీద నిలబడే ఆలోచించింది. జవాబు దొరికాక ఇంకా కోపం వచ్చింది. ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. ఈ ఇంట్లో ఏం తేడా వచ్చినా ఎటునుంచి వచ్చిందన్నది ముందే తేలిపోయి ఉంటుంది. ఆమె నుంచి. ఆ తీర్పు ఎంత అలవాటైపోయిందంటే, ఆమె కూడా తన ఒంట్లోనే, తన పాలల్లోనే, తన ఉద్యోగంలోనే వెతుక్కుంటూ కూర్చుంది తప్ప తల ఎత్తి ఆ జాలీ వైపు చూడలేదు.

బాత్రూం తలుపు తీసిన చప్పుడు, పిప్పర్‌మెంటు వాసన. ఆమె పిల్లని ఎత్తుకుని హాల్లోకి వెళ్ళి అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టింది. “ఇద్దరూ ఒకసారి రండి,” అంది. గొంతులో కొత్తగా ఏదో ఉండాలి, అత్తగారు పిల్లని భుజాన వేసుకుని మారుమాట లేకుండా లేచారు.

గుమ్మంలో ఇద్దర్నీ నిలబెట్టి, దూదిపుల్లని జాలీ అంచుకే కట్టింది. “చూస్తూ ఉండండి,” అని వెళ్ళి బాత్రూం ఫ్యాన్ ఆపింది. దూది నిటారుగా వేలాడింది. మళ్ళీ వేసింది. గదిలోకి వాలింది. ఆపింది, నిలబడింది. వేసింది, వాలింది. భర్త మొహంలో రంగు మారడం ఆమె చూసింది. ఆయనకి అర్థమైంది. అర్థం కానట్టు నటించాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

“ఏంటిది, గారడీనా?” అన్నాడు.

“మీరు అందులో కాల్చింది ఇక్కడికి వస్తోంది.”

“నేనా? నేనెక్కడ...” అని, తల్లి వంక చూసి, “ఎప్పుడో ఒకటి. ఆఫీసు టెన్షన్లు నీకేం తెలుసు? అయినా క్రెష్‌లో ప్రతి పిల్లాడికీ జలుబే. అదీ నా వల్లేనా?”

“కాదు. జలుబు క్రెష్ నుంచి వచ్చి ఉండొచ్చు. నా నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. డాక్టరమ్మ అడిగింది జలుబు గురించి కాదు, అది గుండెల్లోకి ఎందుకు దిగుతోందని. మానేశానని చెప్పారు మీరు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటాను.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ ఉద్యోగం మానెయ్యాల్సొస్తోందని ఇదంతా...”

“ఉండరా,” అన్నారు అత్తగారు.

ఆవిడ ఇంకా దూది వంకే చూస్తున్నారు. “కింద ముసలాయనతో గట్టిగా చెప్పొచ్చానన్నావు,” అన్నారు. జవాబు కోసం ఆగలేదు. “మళ్ళీ వెయ్యమ్మాయ్,” అన్నారు. ఆమె ఫ్యాన్ వేసింది. దూది వాలింది. పిచ్చుక నిద్రలో నాన్నమ్మ భుజం మీద మొహం అటు తిప్పుకుంది.

“వీడూ చిన్నప్పుడు అచ్చం ఇలాగే దగ్గేవాడు,” అన్నారు అత్తగారు, ఎవరితోనూ కాకుండా. “డొక్కలెగరేసుకుంటూ. రెండు మూడుసార్లు చేతుల్లోంచి పోతాడనుకున్నాం. మీ మావయ్య పడక్కుర్చీ వీడి మంచం పక్కనే ఉండేది. పొద్దస్తమానం కాలుస్తూనే ఉండేవారు. ఆ పొగలోనే వీణ్ణి జోకొట్టేదాన్ని. అప్పుడు మా అత్తగారు...” ఆవిడ పిల్లని భుజం మీద సర్దుకున్నారు. “చుట్టాల ముందు, అందరి ముందు అనేది. బాలింత చల్లనీళ్ళు తాగింది, పిల్లాణ్ణి తినేస్తుంది అని. తాగాను. నిజమే. ఎండకి తట్టుకోలేక ఒకసారి తాగాను. ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఈ రోజు వరకూ ముట్టలేదు.”

అత్తగారు ఆమె వైపు తిరిగారు. ఎప్పుడూ విచారించే కళ్ళు, ఇప్పుడు తీర్పు కోసం చూస్తున్నట్టున్నాయి.

“అంటే... నేను తాగిన నీళ్ళు కాదన్నమాట?”

ఇన్నేళ్ళలో ఆవిడ ఆమెని అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అది. కావాలంటే ఆ క్షణంలో చాలా అనొచ్చు. తనని అన్న మాటలన్నీ మూటగట్టి ఆవిడ ముందు విప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. కానీ ఆ ముసలి మొహంలో ఆమెకి అత్తగారు కనపడలేదు. మంచం పక్కన కూర్చుని, చెయ్యని తప్పుని తన ఒంట్లో వెతుక్కుంటున్న ఒక చిన్న పిల్లతల్లి కనపడింది.

“కాదత్తయ్యా,” అంది. “మీరు తాగిన నీళ్ళు కాదు.”

అత్తగారు పిల్లని ఆమెకి అందించి, కిటికీ దగ్గరికి వెళ్ళారు. సందుల్లోంచి గుడ్డముక్కలు ఒక్కొక్కటే లాగి కింద పడేశారు. బిగుసుకుపోయిన రెక్కని భుజంతో తోశారు. వెలుతురు, వీధి చప్పుడు, ఎండవాసన ఒక్కసారిగా లోపలికొచ్చాయి. జాలీ ముందు దూది ఇక వాలలేదు, చిన్నగా ఊగి ఊరుకుంది.

ఆదివారమంతా భర్త ముభావంగా ఉన్నాడు. తన ఇంట్లో తనని దొంగలా నిలబెట్టారన్నాడు. మగాడన్నాక ఏదో ఒక అలవాటుంటుందన్నాడు. కాస్త మెత్తబడి, ఇకనుంచి డాబా మీదికి వెళ్ళి కాలుస్తానన్నాడు. వచ్చి స్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ పిల్లని ఎత్తుకోనన్నాడు. “అదీ, మీరు పూర్తిగా మానేదాకానే,” అంది ఆమె. ఆయన మాట్లాడలేదు. ఎప్పటిలా అయితే ఆ మౌనానికి ఆమె భయపడి, కాఫీ పెట్టి ఇచ్చి, ఏదో ఒకటి సర్దేది. ఈసారి సర్దలేదు. ఆ మౌనాన్ని ఆయన దగ్గరే ఉంచుకోనిచ్చి, పిల్ల దిండు కుట్టుకుంది.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే వెనకనించి ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. తిరిగి చూడలేదు.

సోమవారం పొద్దున పిచ్చుకకి ఇంకా కొద్దిగా దగ్గు ఉంది. ఒక్కరోజులో పోయే దగ్గు కాదది, ఆ సంగతి ఆమెకి తెలుసు. క్రెష్‌కి పంపే వీల్లేదు, అక్కడ వేరే పిల్లలున్నారు. జలుబు నేరం కాదు, లోపలికి తీసుకెళ్ళడమే నేరం. ఆమె తల దువ్వుకుని, బ్యాగ్ భుజానికి తగిలించుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు భర్త, షూ లేసు కట్టుకుంటూ.

“ఆఫీసుకి. ఇవాళ నేను జవాబు చెప్పాలి.”

“మానేస్తున్నానని చెప్పాలి, అంతేగా? ఫోన్‌లో చెప్పు. పిల్లని ఎవరు చూస్తారు?”

“మీరు. మీ సెలవులన్నీ అలాగే ఉన్నాయిగా. మందు ఎప్పుడు వెయ్యాలో డబ్బా మీదే ఉంది. మాస్కు పెడితే ఏడుస్తుంది, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. ముందు చేతులు కడుక్కోండి.” ఆమె చెప్పులేసుకుంది. “ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి మానుకోకపోతే దగ్గు తగ్గదన్నారు కదా. నిజమే. నేను రెండురోజులు ఆలోచించాను. మానాల్సింది నేను కాదు. అక్కడ పెద్దమేడమ్ కుర్చీ నాకిస్తామన్నారు. సరేనని చెప్పడానికి వెళ్తున్నాను.”

భర్త షూ లేసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత, ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగేట్టే, తల్లి వంక చూశాడు. “అమ్మా, నువ్వైనా చెప్పు!”

అత్తగారు వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. ఫ్రిజ్ తలుపు తీసి, నిన్న తానే నింపి పెట్టిన నీళ్ళసీసా బయటికి తీశారు. సీసా చుట్టూ చెమట పట్టి ఉంది. పెద్ద గ్లాసు నిండా వంపుకున్నారు.

“చల్లనీళ్ళు తాగుతున్నావేంటమ్మా?” అన్నాడు కొడుకు.

ఆవిడ గ్లాసు ఎత్తి, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా, చివరి చుక్క దాకా తాగారు. పైట చెంగుతో మూతి తుడుచుకుని, కోడలి వైపు చూసి, “నీకు పొయ్యనా?” అన్నారు.